గోదావరి అవతలికి ఫైళ్లు భద్రంగా పంపడం ఎలా: లినక్స్ వాడేవాళ్లిద్దరు ఫోన్ పట్టుకుని చేసుకునే పద్ధతి

రాజోలులో ఒక ఫొటో స్టూడియో, పాలకొల్లులో వీడియో ఎడిటర్ ఉన్నారనుకుందాం. మధ్యలో వశిష్ఠ గోదావరి, దాని మీద చించినాడ వంతెన. ఒక్కో పెళ్లికి 40 జీబీ ఫుటేజీ అటు వెళ్లాలి. మామూలుగా జరిగేది పెన్‌డ్రైవ్‌ని బస్సులో పంపడం, లేదా ఏదో ఉచిత సైట్‌లో ఎక్కించి లింకు ఇవ్వడం. పెన్‌డ్రైవ్ దారిలో పోతే ఆ ఫొటోలు ఎవరి చేతికి చిక్కుతాయో తెలియదు. సైట్‌లో ఎక్కిస్తే ఆ పెళ్లివారి ఫొటోలు ఎవరి డిస్కులో ఎన్నాళ్లు పడి ఉంటాయో మన చేతిలో ఉండదు.

ఇద్దరి దగ్గరా లినక్స్ ఉంటే ఈ రెండు బాధలూ అక్కర్లేదు. ఎస్ఎస్‌హెచ్ అనే సాధనంతో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి నేరుగా, దారిలో ఎవరూ చదవలేకుండా పంపొచ్చు. డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. భీమవరంలో రొయ్యల చెరువుల ల్యాబ్ రిపోర్టులకైనా, కడియం నర్సరీ మొక్కల ఫొటోలకైనా, అంబాజీపేట కొబ్బరి కొట్టు లెక్కలకైనా ఇదే పద్ధతి.

ముందే ఒక మాట. ఈ పనిలో కమాండ్లు కష్టం కాదు. అవతల ఉన్న కంప్యూటర్ నిజంగా మనవాళ్లదేనా అని తేల్చుకోవడమే అసలు పని. అది ఒక్కరు కూర్చుని చేసేది కాదు. ఇద్దరూ ఒకే సమయంలో ఫోన్‌లో ఉండి చేయాలి. అందుకే ఈ వ్యాసం ఇద్దరి కోసం రాశాను.

కమాండ్లన్నీ ఫోన్‌లో చెప్పుకునే విధంగానే తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావలసిన చోట 'పెద్ద ఎల్' అన్నట్టు విడిగా చెబుతాను. 'మైనస్' అంటే దాని ముందు ఖాళీ ఉంటుంది, తర్వాత ఉండదు. 'డ్యాష్' అంటే అదే గుర్తు, కానీ రెండు పక్కలా ఖాళీ ఉండదు. స్లాష్, కోలన్, ఎట్ గుర్తులకు కూడా పక్కన ఖాళీ ఉండదు. ఫోన్‌లో చెప్పేవాళ్లు ఈ తేడా ముందే చెప్పుకుంటే సగం తప్పులు తగ్గుతాయి. ఒక్క ఖాళీ తేడాతో అరగంట పోయే సందర్భాలు ఇందులో చాలా ఉంటాయి.

ఎఫ్‌టీపీ ఎందుకు వద్దు

కొన్ని ప్రింటింగ్ ప్రెస్సుల్లో, పాత స్కానర్లలో, సీసీ కెమెరాల్లో ఇంకా ఎఫ్‌టీపీ అనే పాత ఫైళ్ల బదిలీ పద్ధతి కనబడుతుంది. దాని మొదటి రూపాన్ని 1971లో రాసింది మన దేశంవాడే, ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎమ్‌ఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి పాస్‌వర్డ్ దాచాలన్న ఆలోచన అవసరం రాలేదు. అందుకే ఈరోజుకీ మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్, ఫైలు రెండూ తెరిచిన ఉత్తరంలా వెళ్తాయి. దారిలో వైఫై వింటున్న ఎవరైనా చదవగలరు.

1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఇలాగే ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్లు పట్టేశారు. ఆ దెబ్బకు అక్కడి పరిశోధకుడు టాటూ యులోనెన్ రాసినదే ఎస్ఎస్‌హెచ్, రెండు కంప్యూటర్ల మధ్య నడిచేదంతా రహస్య లిపిలోకి మార్చి పంపే పద్ధతి. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు దాని స్వేచ్ఛా రూపం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ విడుదల చేశారు. మన లినక్స్‌లన్నిట్లో ఉండేది అదే. ఎస్ఎఫ్‌టీపీ అన్నది పేరులో ఎఫ్‌టీపీలా ఉన్నా దానికి చుట్టం కాదు. ఎస్ఎస్‌హెచ్ లోపలే నడిచే వేరే పద్ధతి. ఎవరైనా 'ఎఫ్‌టీపీ పెట్టండి' అంటే 'ఎస్ఎఫ్‌టీపీ ఇస్తాను' అనండి. ఫైల్‌జిల్లా అనే ఫైల్ బదిలీ ప్రోగ్రాం వాడే అవతలివాళ్లకు మార్చుకోవలసింది ఒక్క సెట్టింగే.

మొదటి మెట్టు: ఒకే వైఫైలో నడిపించి చూడండి

రెండు ఊళ్ల మధ్య ఒకేసారి మొదలుపెట్టకండి. తప్పు మీ కంప్యూటర్‌లో ఉందా, రూటర్‌లో ఉందా, నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర ఉందా అన్నది తెలియక ఇద్దరికీ టెన్షన్. రెండు ల్యాప్‌టాప్‌లూ ఒకే ఇంట్లో, ఒకే వైఫై మీద ఉన్న రోజున మొదటి భాగం పూర్తి చేయండి. ఏ పండక్కో ఇద్దరూ ఒక చోట కలిసినప్పుడు మంచి అవకాశం.

ఫైళ్లు అందుకునే కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఉండాలి. ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవాళ్లు టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ డ్యాష్ సర్వర్" కొట్టండి. సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపమని. ఫెడోరాలో సర్వర్ సాధారణంగా ముందే ఉంటుంది, కానీ నడుస్తూ ఉండదు. "సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ డబుల్ మైనస్ నౌ ఎస్ఎస్‌హెచ్‌డీ" అని లేపాలి. తర్వాత "ఎస్ఎస్ మైనస్ టీఎల్ఎన్" కొట్టి చూడండి. వచ్చిన జాబితాలో కోలన్ 22 తో ముగిసే చిరునామా కనబడితే సర్వర్ వింటున్నట్టే. 22 అన్నది ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ నంబరు, అంటే కంప్యూటర్‌లోకి వచ్చేవాటికి ఉండే తలుపు నంబరు.

ఉబుంటులో ఫైర్‌వాల్ (బయటినుంచి వచ్చేవాటిని ఆపే కాపలా) ఆన్ చేసుకుని ఉంటే "సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 22 స్లాష్ టీసీపీ" అని ఆ పోర్ట్‌కి దారి ఇవ్వాలి.

ఇప్పుడు అదే కంప్యూటర్‌లో "హోస్ట్‌నేమ్ మైనస్ పెద్ద ఐ" కొడితే దాని ఐపీ చిరునామా వస్తుంది. ఇంటి రూటర్ల వెనక అది ఎక్కువగా 192.168 తోనో, 10 తోనో మొదలవుతుంది. ఉదాహరణకు 192.168.1.20 అనుకుందాం. ఈ చిరునామా రేపు మారవచ్చు. రూటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అన్నచోట ఆ కంప్యూటర్‌కి అదే నంబరు కట్టబెట్టేయండి. తర్వాత చాలా తలనొప్పులు తప్పుతాయి.

రెండో కంప్యూటర్ నుంచి "ఎస్ఎస్‌హెచ్ ఎడిటర్ ఎట్ 192.168.1.20" కొట్టండి. 'ఎడిటర్' అన్నచోట అవతలి కంప్యూటర్‌లో ఉన్న యూజర్ పేరు రావాలి. ఏమీ కదలకపోతే ముందు అనుమానించాల్సింది వైఫైని. గెస్ట్ వైఫైలో, కొన్ని రూటర్లలో మామూలు వైఫైలో కూడా, ఒక పరికరం ఇంకొకదానితో మాట్లాడకుండా అడ్డు ఉంటుంది. రూటర్‌లో ఐసొలేషన్ అన్న మాట కనబడితే దాన్ని ఆపి మళ్లీ చూడండి.

'ఎస్' అనే ముందు ఫింగర్‌ప్రింట్

మొదటిసారి కలిసినప్పుడు ఎస్ఎస్‌హెచ్ ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది. ఈ యంత్రం ఎవరిదో నాకు తెలియదు, దీని ఈడీ25519 కీ ఫింగర్‌ప్రింట్ ఇది, ముందుకు వెళ్లమంటారా అని. కీ అంటే ఆ యంత్రాన్ని గుర్తుపట్టించే పొడవైన సంఖ్య, ఫింగర్‌ప్రింట్ అంటే ఆ కీకి వేలిముద్ర లాంటి పొట్టి గుర్తు. దాదాపు అందరూ చదవకుండా 'ఎస్' కొట్టేస్తారు. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇక్కడ ఆగడాన్ని గుర్తుపెట్టుకోండి.

ఎన్‌క్రిప్షన్, అంటే రహస్య లిపిలోకి మార్చడం, దారిలో పొంచి ఉన్నవాడి నుంచి కాపాడుతుంది. కానీ మీరు మాట్లాడుతున్నదే ఆ పొంచి ఉన్నవాడితో అయితే, ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్నా మీ పాస్‌వర్డ్ భద్రంగా అతని చేతికే వెళ్తుంది. ఆ ప్రమాదానికి ఉన్న ఒకే అడ్డు ఈ ఫింగర్‌ప్రింట్. దాన్ని సరిచూసే అవకాశం ఈ మొదటిసారే.

సరిచూడడం ఇలా. అందుకునే కంప్యూటర్ ముందు ఉన్నవాళ్లు "ఎస్ఎస్‌హెచ్ డ్యాష్ కీజెన్ మైనస్ ఎల్ఎఫ్" అని కొట్టి, ఖాళీ వదిలి, ఫైలు దారి ఇవ్వాలి. ఆ ఫైలు స్లాష్ ఈటీసీ స్లాష్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాని పేరు ఎస్ఎస్‌హెచ్ అండర్‌స్కోర్ హోస్ట్ అండర్‌స్కోర్ ఈడీ25519 అండర్‌స్కోర్ కీ డాట్ పబ్. మొత్తం కొట్టక్కర్లేదు, నాలుగు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కుతూ వెళ్తే తనే నింపుతుంది. ఒక వరుస వస్తుంది. అందులో ఎస్‌హెచ్ఏ256 తర్వాత 43 అక్షరాలు ఉంటాయి.

ఇప్పుడు ఫోన్‌లో చదవండి.

"ఏవండీ, కోలన్ తర్వాత మొదటి అక్షరం పెద్ద కే, తర్వాత చిన్న క్యూ, 7, ప్లస్ గుర్తు. ఉందాండి?"

"ఆయ్, ఉందండి. తర్వాత పెద్ద ఎమ్ కదండి?"

"అదేనండి. కానివ్వండి."

43 అక్షరాలూ చదవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయకండి. ఆ కొసలు కలిసేలా నకిలీ కీ తయారుచేయడం, మొత్తం కలిసేలా చేయడం కన్నా చాలా తేలిక. ఎదుటివారి గొంతు మీకు తెలుసు, అదే ఇక్కడ మీకున్న సాక్ష్యం. ఫోన్‌లో అక్షరాలు సరిగా వినబడకపోతే ఇంకో దారి ఉంది. వాళ్లు ఆ వరుసని మెసేజ్‌గా పంపాలి. మీరు ఆ ప్రశ్న దగ్గర 'ఎస్' బదులు ఎస్‌హెచ్ఏ256 తో సహా ఆ ఫింగర్‌ప్రింట్‌నే పేస్ట్ చేసి ఎంటర్ నొక్కాలి. ఇప్పటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తనే పోల్చి చూసి, కలిస్తేనే ముందుకు వెళ్తుంది. కళ్లతో పోల్చడం కన్నా ఇదే నమ్మకం. మెసేజ్ మాత్రం మీకు ముందునుంచీ తెలిసిన నంబరు నుంచే రావాలి.

ఒకసారి ఒప్పుకున్నాక మీ కంప్యూటర్ ఆ కీని గుర్తుంచుకుంటుంది. మళ్లీ అడగదు. ఎప్పుడైనా ఆ కీ మారిపోయిందని పెద్ద హెచ్చరిక వస్తే, భయపడి ఏ వీడియోలోనో చూసిన కమాండ్‌తో దాన్ని చెరిపేయకండి. ముందు ఫోన్ చేసి అడగండి: "లినక్స్ మళ్లీ వేశారాండి? కంప్యూటర్ మార్చారా?" అవునంటే కొత్త ఫింగర్‌ప్రింట్ మళ్లీ చదివించుకుని, "ఎస్ఎస్‌హెచ్ డ్యాష్ కీజెన్ మైనస్ పెద్ద ఆర్" తర్వాత చిరునామా ఇచ్చి పాతదాన్ని తీసేయండి. కాదంటే ఆ నెట్‌లో పని ఆపేయండి.

పాస్‌వర్డ్ తీసేసి కీ పెట్టండి

బయటి నెట్‌కి తెరవకముందే ఈ పని అయిపోవాలి. 22వ పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరుచుకున్న కాసేపటికే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి అడ్మిన్, టెస్ట్, రూట్ అంటూ పాస్‌వర్డ్లు ఊహించడం మొదలుపెడతాయి. పోర్ట్ నంబరు మార్చితే ఆ రొద తగ్గుతుంది కానీ భద్రత పెరిగినట్టు కాదు. పాస్‌వర్డే లేకపోతే ఊహించడానికి ఏమీ ఉండదు.

పంపేవాళ్లు తమ కంప్యూటర్‌లో "ఎస్ఎస్‌హెచ్ డ్యాష్ కీజెన్ మైనస్ టీ ఈడీ25519" కొట్టాలి. మైనస్ టీ తర్వాత ఖాళీ. ఎక్కడ దాచమంటావని అడిగితే ఎంటర్ నొక్కండి. పాస్‌ఫ్రేజ్ (ఈ కీకి మీరు పెట్టే రహస్య వాక్యం) అడిగితే మాత్రం ఖాళీగా వదలకండి. నాలుగైదు మాటల తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టుకోండి. మీకు గుర్తుంటుంది, ఊరికే ఊహించడం కష్టం. ల్యాప్‌టాప్ దొంగతనం జరిగితే కీని కాపాడేది ఇదొక్కటే.

రెండు ఫైళ్లు తయారవుతాయి. డాట్ పబ్ అని ముగిసేది తాళం లాంటిది, ఎవరికైనా ఇవ్వొచ్చు, వాట్సాప్‌లో పంపొచ్చు. రెండోది దాని తాళంచెవి, మీ కంప్యూటర్ దాటకూడదు. సాయం చేస్తున్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా ఆ ఫైలు అడగకూడదు, అడిగినా ఇవ్వకూడదు. తెరిస్తే పైన 'బిగిన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ' అని కనబడితే వెంటనే మూసేయండి, స్క్రీన్‌షాట్ తీయకండి.

తాళం అటు చేర్చడానికి "ఎస్ఎస్‌హెచ్ డ్యాష్ కాపీ డ్యాష్ ఐడీ ఎడిటర్ ఎట్ 192.168.1.20". ఒక్కసారి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ తర్వాత మామూలుగా లాగిన్ అయి చూడండి. ఎడిటర్ పాస్‌వర్డ్ బదులు మీ పాస్‌ఫ్రేజ్ అడిగితే కీ పనిచేస్తున్నట్టే.

ఇక అందుకునే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపాలి. స్లాష్ ఈటీసీ స్లాష్ ఎస్ఎస్‌హెచ్ లో, ఎస్ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో 10 తో మొదలై డాట్ కాన్ఫ్ తో ముగిసే కొత్త ఫైలు పెట్టండి. దానిలో ఒకే వరుస: పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో. మొదటి మాటలో పీ, ఏ పెద్ద అక్షరాలు, మాట మధ్యలో ఖాళీ లేదు. 10 ఎందుకంటే, ఒకే సెట్టింగు రెండు చోట్ల ఉంటే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ మొదట కనబడినదాన్నే తీసుకుంటుంది. కొన్ని ఉబుంటు సర్వర్లలో 50 తో మొదలయ్యే ఫైలు ఒకటి ముందే ఉండి పాస్‌వర్డ్‌కి 'ఎస్' అని చెబుతూ ఉంటుంది. మీ ఫైలు దానికన్నా ముందు రావాలి.

తర్వాత "సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ". ఏమీ చెప్పకుండా వెనక్కి వస్తే ఫైల్లో అక్షర దోషాలు లేవు. అదే కమాండ్ పెద్ద టీతో కొడితే ఇప్పుడు నిజంగా అమల్లోకి వచ్చే సెట్టింగులన్నీ చూపిస్తుంది. అందులో పాస్‌వర్డ్ వరుసలో 'నో' కనబడాలి. అప్పుడు "సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్ఎస్‌హెచ్" అనండి, ఫెడోరాలో చివర ఎస్ఎస్‌హెచ్‌డీ. ఇదంతా దూరం నుంచి చేస్తుంటే తెరిచి ఉన్న సెషన్ మూయకండి. వేరే టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అయ్యాకే పాతది మూయాలి.

ఫైళ్లు పంపడం

ఒకటి రెండు ఫైళ్లే అయితే కమాండ్ కూడా అక్కర్లేదు. ఉబుంటు ఫైల్స్ కిటికీలో చిరునామా రాసే చోట, ఎస్ఎఫ్‌టీపీ కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత ఎడిటర్ ఎట్ 192.168.1.20 అని ఇస్తే అవతలి ఫోల్డర్లు మీ ఫోల్డర్లలాగే తెరుచుకుంటాయి. మౌస్‌తో లాగి వేయొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకో, కొత్తగా నేర్చుకునేవాళ్లకో ఇదే చూపించండి. ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్ కూడా ఉంది, తేలిగ్గానే ఉంటుంది. కానీ కరెంటు పోతే అది మొదటినుంచి పంపుతుంది. మన దగ్గర ఈదురుగాలి వస్తే కరెంటు పోవడం మామూలే కాబట్టి పెద్ద పనికి ఆర్‌సింక్ నేర్చుకోవడమే మేలు.

ఆర్‌సింక్‌ని 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ తయారుచేశారు. ఫైల్‌ని ముక్కలుగా లెక్కగట్టి, అవతల లేని ముక్కల్నే పంపుతుంది. సగంలో ఆగిన 8 జీబీ వీడియో మళ్లీ మొదలుపెడితే, అటు చేరిన భాగాన్ని లెక్కచూసుకుని మిగిలినదే పంపుతుంది. ఇది రెండు కంప్యూటర్లలోనూ ఉండాలి.

కమాండ్: "ఆర్‌సింక్ మైనస్ ఏవీ పెద్ద పీ", ఖాళీ, "పెళ్లి స్లాష్", ఖాళీ, "ఎడిటర్ ఎట్ 192.168.1.20 కోలన్ పెళ్లి స్లాష్". ఫోల్డర్ పేర్లలో ఖాళీలు పెట్టకండి, ఫోన్‌లో చెప్పేటప్పుడు నరకం. ఏ అంటే తేదీలు, అనుమతులు యథాతథంగా ఉంచమని. వీ అంటే ఏం చేస్తున్నావో చెప్పమని. పెద్ద పీ అంటే సగం వచ్చిన ఫైల్‌ని పారేయకుండా ఉంచి, ఎంత అయిందో చూపించమని.

పంపే ఫోల్డర్ పేరు చివర ఉన్న స్లాష్ చిన్నదే కానీ ఫలితం మారిపోతుంది. స్లాష్ ఉంటే ఫోల్డర్‌లో ఉన్నవి వెళ్తాయి. లేకపోతే ఫోల్డరే వెళ్లి, అవతల 'పెళ్లి' లోపల ఇంకో 'పెళ్లి' తయారవుతుంది. అనుమానంగా ఉన్న ప్రతిసారీ ముందు మైనస్ ఎన్ కలిపి నడపండి. అప్పుడు ఏదీ పంపకుండా, ఏమేం పంపుతుందో జాబితా మాత్రం చూపిస్తుంది. డబుల్ మైనస్ డిలీట్ అనే ఆప్షన్ వాడాలనుకుంటే మైనస్ ఎన్ తప్పనిసరి. మీ దగ్గర లేనిదాన్ని అవతల కూడా చెరిపేయడమే దాని పని. పొరపాటున ఖాళీ ఫోల్డర్ చూపించారా, అవతలి పెళ్లి మొత్తం పోతుంది.

జెడ్ కలిపితే కుదించి పంపుతుంది అంటారు. జేపీజీ ఫొటోలు, ఎమ్‌పీ4 వీడియోలు అప్పటికే కుదించి ఉంటాయి. వాటికి జెడ్ వల్ల ప్రాసెసర్ వేడెక్కడమే తప్ప లాభం లేదు. లెక్కల ఫైళ్లకి, టెక్స్ట్‌కి పెట్టండి.

సమయం అంచనా వేసుకోండి. మీ అప్‌లోడ్ సెకనుకు 20 మెగాబిట్లు ఉంటే 40 జీబీకి దాదాపు నాలుగున్నర గంటలు. 100 ఉంటే గంటలోపు. కాబట్టి రాత్రి పెట్టి పడుకోండి. ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోకుండా సెట్టింగు మార్చండి. పాత ఫొటోలు 500 జీబీ ఉంటే మొదటి కాపీ మాత్రం ఇద్దరూ ఒక గదిలో, కేబుల్ మీద చేసుకోండి. ఆ తర్వాత నెట్ మీద వెళ్లేది రోజువారీ తేడానే.

వచ్చిన ఫైలు చెక్కుచెదరకుండా ఉందా అన్నది ఆర్‌సింక్ పంపినప్పుడే తనే చూసుకుంటుంది. అయినా డబ్బు తీసుకునే పనిలో ఒక అలవాటు మంచిది: ముఖ్యమైన ఫైలు మీద ఇద్దరూ "ఎస్‌హెచ్ఏ256సమ్" కొట్టి, వచ్చిన వరుస పోల్చుకుని, మెసేజ్‌లో 'కలిసింది' అని రాసుకోండి. ఆ తర్వాతే కెమెరా కార్డు ఖాళీ చేయండి.

ఇప్పుడు గోదావరి దాటించాలి

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. 192.168 చిరునామా ఆ ఇంటి బయట పనికిరాదు. బయటి చిరునామా కావాలి. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, అది చూడండి. 'నా ఐపీ ఏంటి' అని బ్రౌజర్‌లో వెతికినప్పుడు వచ్చేదీ అదీ ఒకటే అయితే మీకు సొంత చిరునామా ఉన్నట్టు. అప్పుడు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, బయటి ఒక పోర్ట్‌ని లోపల 192.168.1.20 లోని 22 కి పంపితే సరిపోతుంది.

రెండూ వేరుగా ఉండి, రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్యలోనో, 10 తోనో ఉంటే, మీ వీధిలో చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇచ్చారన్నమాట. మీ నుంచి బయటికి వెళ్లేది వెళ్తుంది. బయటినుంచి వచ్చినదానికి ఎవరింటికి వెళ్లాలో తెలియదు. మీ రూటర్‌లో ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు, అడ్డు మీ ఇంట్లో లేదు కాబట్టి. నెట్ ఇచ్చేవాళ్లని స్టాటిక్ ఐపీ అడగొచ్చు. దానికి విడిగా డబ్బు అడిగేవాళ్లే ఎక్కువ.

ఇద్దరూ అలాంటి నెట్ వెనకే ఉంటే రెండు దారులు. తేలికైనది టెయిల్‌స్కేల్ లాంటి సేవ. రెండు కంప్యూటర్లలో వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, రెండిటికీ 100 తో మొదలయ్యే ప్రైవేట్ చిరునామాలు వస్తాయి. 192.168 బదులు అవి వాడుకుంటే పైన చెప్పిన కమాండ్లన్నీ అలాగే నడుస్తాయి. లోపల నడిచేది వైర్‌గార్డ్, 2020లో 5.6 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లోకే (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) చేరిన గట్టి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీద వేసుకునే ప్రైవేట్ దారి. ఖాతా నడిపేది మాత్రం ఒక కంపెనీ, అది తెలిసి వాడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

రెండోది నెలకు కొద్ది అద్దెతో ఒక చిన్న సర్వర్ తీసుకుని దాని మీదుగా వెళ్లడం. పాలకొల్లు కంప్యూటర్ నుంచి "ఎస్ఎస్‌హెచ్ మైనస్ పెద్ద ఎన్ మైనస్ పెద్ద ఆర్ 2222 కోలన్ లోకల్‌హోస్ట్ కోలన్ 22", ఖాళీ, ఆ సర్వర్ యూజర్ ఎట్ చిరునామా. పెద్ద ఆర్ తర్వాత ఖాళీ ఉంటుంది. ఇది తెరిచి ఉన్నంతసేపు సర్వర్‌లోని 2222 పోర్ట్ పాలకొల్లుకి దారి. రాజోలు నుంచి "ఎస్ఎస్‌హెచ్ మైనస్ పెద్ద జే" అని, ఖాళీ వదిలి సర్వర్ పేరిచ్చి, "మైనస్ పీ 2222 ఎడిటర్ ఎట్ లోకల్‌హోస్ట్" అనాలి. ఇక్కడ మళ్లీ ఫింగర్‌ప్రింట్ అడుగుతుంది. అది పాలకొల్లు కంప్యూటర్‌దే అయ్యుండాలి, ముందు ఫోన్‌లో చదువుకున్న ఆ 43 అక్షరాలే. కలిస్తే మధ్యలోని సర్వర్ మీ ఫైల్‌ని మోస్తుందే తప్ప చదవలేదు.

పని చేయకపోతే ఎవరు ఏం అడగాలి

సాయం అడిగేవాళ్లు 'రావట్లేదండి' అని ఆపేస్తారు. సాయం చేసేవాళ్లు ఊహించి పది కమాండ్లు చెబుతారు. ఇద్దరికీ విసుగు. స్క్రీన్ మీద వచ్చిన మాటను ఉన్నదున్నట్టు చదివించుకుంటే చాలు, తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది.

'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే కంప్యూటర్ దాకా వెళ్లారు, అక్కడ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నడవట్లేదు లేదా పోర్ట్ నంబరు తప్పు. ఇది ఒకరకంగా మంచి వార్త, దారి బాగానే ఉంది. 'టైమ్‌డ్ అవుట్' అంటే జవాబే లేదు: ఫైర్‌వాల్, తప్పు చిరునామా, నిద్రపోయిన ల్యాప్‌టాప్, లేదా పైన చెప్పిన ఉమ్మడి చిరునామా. 'నో రూట్ టు హోస్ట్' ఇంటి వైఫైలో వస్తే ఎక్కువగా అవతలి కంప్యూటర్ ఆ నెట్‌లో లేదు, లేదా ఫెడోరా ఫైర్‌వాల్ అడ్డుకుంది.

'పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ' అంటే నెట్‌వర్క్‌తో పనిలేదు, తాళం కుదరలేదు. యూజర్ పేరు సరిగా ఉందా అడగండి, సగం సార్లు అదే. తర్వాత అందుకునే కంప్యూటర్‌లో అనుమతులు చూడండి. డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులోని ఆథరైజ్డ్ అండర్‌స్కోర్ కీస్ ఫైలుకి 600 ఉండాలి. హోమ్ ఫోల్డర్‌లో వేరేవాళ్లు రాయగలిగేలా ఉన్నా సర్వర్ ఆ కీని నమ్మదు. సాయం చేద్దామని ఎవరో 777 ఇవ్వమని చెప్పి ఉంటే, కీ పనిచేయకపోవడానికి అదే కారణం.

ఇంకా తేలకపోతే పంపేవాళ్లు ఎస్ఎస్‌హెచ్ తర్వాత మైనస్ వీ కలిపి నడపాలి. అందుకునేవాళ్లు అదే సమయంలో "సుడో జర్నల్‌సీటీఎల్ మైనస్ ఎఫ్ మైనస్ యూ ఎస్ఎస్‌హెచ్" నడిపి చూస్తూ ఉండాలి, ఫెడోరాలో చివర ఎస్ఎస్‌హెచ్‌డీ. ఎందుకు కాదన్నదో అసలు కారణం సర్వర్ వైపే రాసి ఉంటుంది. పంపేవైపు దాన్ని కావాలనే పూర్తిగా చెప్పరు. ఆ వరుసల్ని గ్రూపులో పెట్టేముందు బయటి ఐపీ, యూజర్ పేరు కొట్టేయండి.

సాయం చేసేవాళ్లకి ఒక విన్నపం. అవతలివాళ్ల స్క్రీన్ మీరే తీసుకుని గబగబా చేసేయకండి. వాళ్ల చేత కొట్టించండి, ఆ కమాండ్ ఏం చేస్తుందో ఒక ముక్క చెప్పండి. పైగా సుడో ఉన్న కమాండ్‌ని వివరం చెప్పకుండా ఎవరి చేతా నడిపించకూడదు.

రోజూ తనంతట తానే జరిగేలా

కోనసీమవాళ్లకి ఇది పెళ్లి వీడియోలకే పరిమితం కాదు. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లోకి నీళ్లు వచ్చాయి. కంప్యూటర్, దాని బ్యాకప్ హార్డ్‌డిస్కు ఒకే బీరువాలో ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. లంకలో ఉన్నవాళ్లు తాడేపల్లిగూడెంలోనో, మండపేటలోనో ఉన్న నమ్మకమైనవాళ్లతో కుదుర్చుకుని, ఒకరి కాపీ ఒకరి దగ్గర ఉంచుకోండి. అవతలివాళ్లు చూడకూడని ఫైళ్లయితే ముందే రెస్టిక్ లాంటి ప్రోగ్రాంతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి. అది ఎస్ఎఫ్‌టీపీ మీదే నడుస్తుంది.

రాత్రి రెండింటికి ఆర్‌సింక్ నడిపేలా "క్రాన్‌ట్యాబ్ మైనస్ ఈ" తో ఒక వరుస పెట్టుకోవచ్చు. మనిషి లేని సమయంలో పాస్‌ఫ్రేజ్ కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి ఈ పనికి పాస్‌ఫ్రేజ్ లేని వేరే కీ కావాలి. మీ సొంత కీ దీనికి వాడకండి. అవతల ఆ కీకి విడిగా ఒక యూజర్‌ని పెట్టండి, సుడో హక్కు ఇవ్వకండి, ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఆ కీ ముందు 'రెస్ట్రిక్ట్' అన్న మాట చేర్చండి. దాంతో ఆ కీ వేరే దారులు తెరవలేదు. ఈ కాపీలో డబుల్ మైనస్ డిలీట్ పెట్టకండి. ఇవతల పొరపాటున చెరిపినది తెల్లారేసరికి అవతల కూడా పోకూడదు. నెలకోసారి అవతలినుంచి ఒక ఫైల్ వెనక్కి తెప్పించుకుని తెరిచి చూడండి.

ఎవరి ల్యాప్‌టాప్ అయినా పోయినా, అమ్మేసినా, కలిసి పనిచేయడం మానేసినా ఆ రోజే అవతలి ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరిచి వాళ్ల వరుస తీసేయండి. వరుస చివర కీ తయారుచేసిన యూజర్ పేరు, కంప్యూటర్ పేరు ఉంటాయి, దాంతో ఎవరిదో గుర్తుపట్టొచ్చు.